స్వీయచరిత్రలు చదివి వినిపిస్తే పిల్లలు "పాపం" దగ్గరే ఆగిపోతున్నారు, ఏం చేస్తే బాగుంటుంది?

కృష్ణలంక టీచర్:

నమస్తే అందరికీ. విజయవాడలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. పదో తరగతి పుస్తకంలో నాజీల కాలంలో దాక్కుని బతికిన యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ డైరీలోంచి ఒక ముక్క, మండేలా ఆత్మకథలోంచి ఒక ముక్క ఉన్నాయి కదా, మిగతా పాఠాలకన్నా వాటిని పిల్లలు చెవులు రిక్కించి వింటున్నారు. అది చూసి తొమ్మిదో తరగతికి కూడా నో బ్యాగ్ డే శనివారాల్లో ఎవరో ఒకరి స్వీయచరిత్రలోంచి రెండు మూడు పేజీలు చదవడం మొదలుపెట్టాను. ఎదుటివాడి బాధ కాస్తయినా పట్టించుకునే గుణం వస్తుందని ఆశ. హెచ్ఎం గారు కూడా సరే కానివ్వండి అన్నారు.

మొదట అంబేడ్కర్ రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' తీసుకున్నాను. చిన్న పుస్తకం, పిల్లలకు పట్టుబడే సంఘటనలు. అందులో 1901 నాటి ప్రయాణం ఒకటి ఉంటుంది. తండ్రి కోరెగావ్‌లో ఉద్యోగం చేస్తుంటాడు, వేసవి సెలవులకు రమ్మంటే సతారా నుంచి అన్నదమ్ములిద్దరూ, చనిపోయిన అక్క కొడుకులూ బయల్దేరతారు. కొత్త చొక్కాలు, తళతళలాడే టోపీలు, కొత్త బూట్లు, పట్టంచు పంచెలు. మసూర్ స్టేషన్‌లో దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రారు. తర్వాత జరిగేది మీకు తెలిసే ఉంటుంది. నేను ఇంగ్లిష్ చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను, క్లాసులో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం.

అయిపోయాక ఏమనిపించిందర్రా అని అడిగితే "పాపం మేడమ్" అని అందరూ ఒకే గొంతు. పది లైన్లు రాయమంటే అందరి నోట్‌బుక్కుల్లోనూ "మనమంతా సమానం, ఎవరినీ చిన్నచూపు చూడరాదు" అనే వరసే, గైడ్‌లోంచి ఎత్తి రాసినట్టు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర చూస్తే మా క్లాసులో ఒక పిల్లాడు ఎప్పట్లాగే మెట్ల మీద ఒక్కడే కూర్చుని తింటున్నాడు. అందరికన్నా బాగా రాసిన అమ్మాయి వాడికి మూడు మెట్ల పైన, వాడికి వీపు పెట్టి కూర్చుంది. వాళ్ల మధ్య గొడవేం లేదు, అసలు వాడక్కడ ఉన్నట్టే ఆ పిల్లకు పట్టలేదు.

ఇలాంటివి క్లాసులో చేసినవాళ్లుంటే చెప్పండి. తెలుగులో, మన ప్రాంతం వాళ్లవి ఏవి బాగుంటాయి? ఇంకోటి, ఒక పేరెంట్ ఫోన్ చేసి "మా వాడికి కులం అంటే ఏంటో కూడా తెలీదు, మీరెందుకు నేర్పుతున్నారు" అని అడిగారు. ఆయనకేం చెప్పాలి?

అరండల్‌పేట మాస్టారు:

అమ్మా, నేను గుంటూరు చుట్టుపక్కల జిల్లా పరిషత్ స్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మీరు మంచి పుస్తకమే పట్టుకున్నారు. ప్రశ్న దగ్గరే తేడా. "ఏమనిపించింది" అంటే పిల్లలు మీ మొహం చూసి మీకేం కావాలో అది చెబుతారు. ఎల్‌కేజీ నుంచి వాళ్లు చేస్తున్న పని అదే గదా.

నేను ఆ మసూర్ సంఘటనే చెప్పేవాణ్ణి. కానీ కుర్రాళ్ల గురించి అడిగేవాణ్ణి కాదు, స్టేషన్ మాస్టర్ గురించి అడిగేవాణ్ణి. ఆయన చెడ్డవాడా? మొదట బట్టలు చూసి బ్రాహ్మల పిల్లలనుకుని దగ్గరికొచ్చి ప్రేమగా పలకరిస్తాడు. మేం మహర్లం (అప్పట్లో అంటరానివాళ్లుగా చూసిన కులం) అని పిల్లవాడి నోటి నుంచి రాగానే మొహం మారిపోతుంది, చరచరా గదిలోకి వెళ్లిపోతాడు. అరగంట గడిచాక మళ్లీ బయటికొచ్చి, బండివాళ్లతో బేరమాడి చివరికి వీళ్లకో బండి కుదిర్చిపెట్టేదీ ఆయనే. ఆ అరగంట గదిలో కూర్చుని ఏం ఆలోచించి ఉంటాడు అని అడిగి ఊరుకునేవాణ్ణి. దానికి గైడ్‌లో జవాబుండదు. ఒకడు ఇంటికెళ్లిపోదామనుకున్నాడేమో సార్ అంటాడు, ఒకడు పై ఆఫీసర్‌కి తెలిస్తే అని భయపడ్డాడేమో అంటాడు, ఇంకోడు పిల్లలే గదా అని జాలేసిందేమో అంటాడు. అక్కడ వాదన మొదలవుతుంది, మనం నోరు మూసుకుంటే చాలు.

తర్వాత బండివాడు. రెట్టింపు బాడుగ తీసుకున్నాడు, వాళ్లతో పాటు బండెక్కితే మైలపడతానని పిల్లల్నే తోలుకోమని తాను పక్కన నడిచాడు. వెనక బెంచీలో ఒకడు, ఎప్పుడూ నోరు తెరవనివాడు, లేచి "మరి డబ్బు చేత్తోనే తీసుకున్నాడు గదా సార్, అది మైల కాలేదా" అన్నాడు. నేను ఎన్నేళ్లు చెప్పినా నాకు తట్టని ప్రశ్న అది.

మన పిల్లల్లో ఎక్కువమంది రేపు ఆ కుర్రాళ్ల స్థానంలో కాదమ్మా, స్టేషన్ మాస్టర్ స్థానంలోనో, బండివాడి స్థానంలోనో, దూరం నుంచి చూసి ఊరుకున్న జనం స్థానంలోనో ఉంటారు. మెట్ల మీద కూర్చున్న మీ అమ్మాయి కూడా అక్కడే ఉంది. అందుకని ఆ పాత్రల మీదే ఎక్కువ సేపు ఉండండి. ఒక్క పీరియడ్‌కి ఒక్క సంఘటన చాలు. నీతి మాత్రం బోర్డు మీద రాయొద్దు, రాశారంటే వాదన అక్కడితో ఆగిపోతుంది.

మన ప్రాంతం అన్నారు. టంగుటూరి ప్రకాశం గారి 'నా జీవిత యాత్ర' తో మొదలుపెట్టండి. బ్యారేజీ మీంచి రోజూ వెళ్లే పిల్లలకు ఆ పేరు సిమెంటు పేరైపోయింది. తండ్రి పోతే తల్లి ఒంగోల్లో పూటకూళ్లు వండి పిల్లల్ని సాకింది, అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. లెక్కల మాస్టారు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు చేరదీసి చదువు చెప్పించారు. మెస్సు నడిపే తల్లులున్న పిల్లలు మీ క్లాసులో కూడా ఉండే ఉంటారు, చూడండి వాళ్లెలా వింటారో.

ఫోన్ చేసిన పేరెంట్ సంగతా? ఆయన్నే ఒక శనివారం వచ్చి వెనక కూర్చోమనండి. నేను ఇద్దరు ముగ్గుర్ని అలాగే రమ్మన్నాను.

తెనాలి అమ్మాయి:

మాస్టారు చెప్పింది బాగుంది. నేను అటువైపు నుంచి చెబుతాను. నేను ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మాకు కులం గురించి పాఠం వచ్చిన రోజు క్లాసంతా నెమ్మదిగా తలలు తిప్పి మా ముగ్గురి వైపు చూసేది. మా టీచర్ మంచావిడే, ప్రేమగానే "నీకెప్పుడైనా ఇలా జరిగిందా అమ్మా, చెప్పు, అందరూ వింటారు" అనేవారు. ఆ క్షణంలో నేల చీలితే బాగుండు అనిపించేది. మిగతావాళ్లకి జాలి నేర్పడానికి నేనెందుకు లేచి నిలబడాలి?

మేడమ్, దయచేసి ఆ మెట్ల మీద అబ్బాయిని దీనిలోకి లాగొద్దు. వాడు ఎవరో, ఎందుకు ఒక్కడే తింటున్నాడో మీరు రాయలేదు, మంచిది, రాయొద్దు కూడా. "ఇలాంటిది మీలో ఎవరికైనా జరిగిందా" అనే ప్రశ్న మాత్రం అస్సలు వద్దు. చెప్పాలనుకున్నవాళ్లు తర్వాత మీ దగ్గరికి వాళ్లే వస్తారు, స్టాఫ్ రూమ్ బయట నిలబడతారు.

రెండోది, ఎప్పుడూ ఏడుపు పేజీలే ఎందుకు? ఆన్ ఫ్రాంక్ పాఠంలో చూడండి, ఆ పిల్ల క్లాసులో వాగుతోందని లెక్కల సారు కీసింగ్ గారు 'వాగుడుకాయ' మీద వ్యాసం రాయమని పనిష్‌మెంట్ ఇస్తాడు. మా అమ్మ కూడా వాగుడుకాయే, వంశపారంపర్యం, నేనేం చేయను అని రాస్తుంది. మళ్లీ మళ్లీ రాయమంటే చివరికి బాతుపిల్లల మీద పద్యం రాసిచ్చి సారు చేతే నవ్విస్తుంది. ముందు ఆ పిల్ల పిల్లలకు ఫ్రెండ్ అవ్వాలి. పోయిన తర్వాత ఎంతమంది పోయారో లెక్క చెబితే "పాపం" వస్తుంది, ఫ్రెండ్ పోతే వచ్చేది వేరే.

తెలుగులో అడిగారు కదా, వై.బి. సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య' చదవండి. ఇంగ్లిష్‌లో 2011లో వచ్చింది, తెలుగు చేసింది మీ విజయవాడ పి. సత్యవతి గారే. తెలంగాణ కుటుంబం, రైల్వేలో చిన్న చిన్న పనులు చేస్తూ బతికినవాళ్లు, పిల్లల్ని చదివించి తీరాలని తండ్రికి పట్టుదల. ఆయన ప్రొఫెసరై కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు. నాకు ఆ పుస్తకం డిగ్రీలో దొరికింది, స్కూల్లోనే దొరికి ఉంటే తల తిప్పి చూసినవాళ్ల వైపు నేనూ తల తిప్పి చూసేదాన్ని.

బెంజ్ సర్కిల్ నాన్న:

అందరూ బానే చెబుతున్నారు గానీ నాదో డౌటు, తిట్టుకోకండి. పేరెంట్‌ని, మా అబ్బాయి కార్పొరేట్ స్కూల్లో తొమ్మిది, పొద్దున ఆరున్నరకు బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరతాడు. వాడికి నిద్రే లేదు, ఇంకొకడి బాధ ఎప్పుడు పట్టించుకుంటాడు? పుస్తకం చదివితే మనుషులు మంచివాళ్లవుతారన్నదానికి రుజువేమైనా ఉందా, లేక టీచర్ల నమ్మకమేనా? బోలెడు పుస్తకాలు చదివి పనివాళ్ల మీద అరిచేవాళ్లను నేను రోజూ చూస్తున్నా.

పాత బస్టాండ్:

ఎమ్మెస్సీ సైకాలజీ చేశాను కాబట్టి తెలిసినంత చెబుతాను. రుజువు ఉందా అంటే కొంచెం గందరగోళంగా ఉంది. 2013లో కిడ్, కాస్టానో అని ఇద్దరు 'సైన్స్' పత్రికలో రాశారు, మంచి సాహిత్యం కాసేపు చదివినవాళ్లు ఎదుటివాళ్ల కళ్లు చూసి మనసు పోల్చే పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారని. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. 2016లో వేరేవాళ్లు అదే పరీక్ష మళ్లీ పెడితే ఆ తేడా కనపడలేదు. పైగా అది కల్పిత సాహిత్యం మీద, స్వీయచరిత్రల మీద కాదు. కాబట్టి రెండు పేజీలు చదివి శనివారం సాయంత్రానికి పిల్లలు మారిపోవాలంటే కుదరదు. పనివాళ్ల మీద అరిచేవాళ్ల గురించి మీరన్నదీ నిజమే.

కానీ క్లాసుకి పనికొచ్చేది ఇంకోటుంది, 1997లో బాట్సన్ వాళ్లు చేసింది. కష్టంలో ఉన్న ఒక అమ్మాయి గురించిన రికార్డింగ్ స్టూడెంట్లకు వినిపించారు. కొందరితో "ఆ అమ్మాయికి ఎలా ఉందో ఊహించండి" అన్నారు, ఇంకొందరితో "ఆ అమ్మాయి స్థానంలో మీరుంటే మీకెలా ఉంటుందో ఊహించండి" అన్నారు. రెండు గుంపులకూ జాలి కలిగింది, కానీ రెండో గుంపుకి దాంతోపాటు సొంత టెన్షన్ కూడా పట్టుకుంది. మనసు ఆ అమ్మాయి మీంచి జారి తన మీదకు వచ్చేస్తుంది, ఈ బాధ ఎప్పుడు వదులుతుందా అని చూస్తుంది.

మన క్లాసుల్లో ఎప్పుడూ అడిగేది రెండోదే కదా, "నువ్వే అక్కడుంటే ఏం చేస్తావు". పిల్లలు నేనైతే కొట్టేవాణ్ణి, నేనైతే పారిపోయేవాణ్ణి అని హీరోలైపోతారు. దానికి బదులు ఆ మనిషి గురించే అడగండి. అదే ప్రయాణంలో తాగే నీళ్లు అడగడానికి వెళ్లినప్పుడు ఆ పిల్లవాడికి ముందు ఏం కనపడింది, ఎవరి మొహం చూశాడు, ఏం అనబోయి ఆగిపోయాడు. జవాబు పేజీలోనే వెతకాలి, సినిమా మనసులో తీసుకోకూడదు.

సింగ్ నగర్ మిస్:

నేను చేసింది చెబుతాను, పుస్తకం లేకుండా చేసింది. మాది అజిత్ సింగ్ నగర్ వైపు, ప్రైవేట్ స్కూల్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి వరద వచ్చినప్పుడు మా పిల్లల్లో సగం మంది ఇళ్లు మునిగాయి. స్కూలు తెరిచాక కొన్నాళ్లు ఎవరూ ఆ మాటెత్తలేదు. తర్వాత నెమ్మదిగా ఎనిమిదో తరగతికి "నీళ్లొచ్చిన మొదటి రాత్రి" అని ఒక పేజీ రాయమన్నాను, స్పెల్లింగులు చూడను, పేరు రాయక్కర్లేదు అని చెప్పి.

ఒక పిల్లాడు రెండో అంతస్తులో ఉన్నాడు, వాడు పేజీ నిండా హెలికాప్టర్ గురించి, డ్రోన్‌తో దించిన పొట్లాల గురించి రాశాడు, పండగలాగా. అదే వీధిలో కింద రేకుల ఇంట్లో ఉండే అమ్మాయి రాసింది, వాళ్లు మేడ మీదకు ఎక్కాక ఇంటివాళ్లు తలుపు తెరవలేదనీ, వాళ్ల నాన్నమ్మ బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని రెండు రోజులు నీళ్లు తాగడం మానేసిందనీ. చుట్టూ అన్ని నీళ్లు. ఈ రెండు కాగితాలూ నేనే చదివాను, ఎవరివో చెప్పకుండా, ఒకదాని తర్వాత ఒకటి. హెలికాప్టర్ పిల్లాడు "మిస్, మా మెట్ల మీద కూడా ఎవరో ఉన్నారు మిస్, మేం చూడలేదు" అన్నాడు. ఆ తర్వాత ఇంకేం అనలేదు, నేనూ అడగలేదు.

కొందరు రాయలేదు, బొమ్మ గీశారు, ఇద్దరు ఖాళీ కాగితం ఇచ్చారు. అవీ తీసుకున్నాను. ఒక అమ్మాయి రాస్తూ రాస్తూ ఏడ్చేసింది, అందుకని ఇది చేసేటప్పుడు పక్కన ఇంకో టీచర్ ఉంటే మంచిది, ఒక్కరే చేయకండి. తమది ఒక పేజీ రాసుకున్న తర్వాత పెద్దవాళ్ల పుస్తకం ఇస్తే పిల్లలు వేరేగా చదువుతారు, ఇక్కడ ఏదో వదిలేశారు మిస్, చెప్పడం ఇష్టంలేదనుకుంటా అని పట్టేస్తారు.

కృష్ణలంక టీచర్:

అందరికీ థాంక్స్ అండీ. తెనాలి అమ్మాయి చెప్పింది రెండుసార్లు చదివాను, ఆ అబ్బాయి జోలికి వెళ్లను. ఈ శనివారం మసూర్ స్టేషన్ మళ్లీ తీస్తాను, స్టేషన్ మాస్టర్ దగ్గర నుంచి. ప్రకాశం గారిది మా లైబ్రరీ బీరువాలోనే ఉంది, తాళం పీఈటీ సార్ దగ్గరుందట.

ఇంకో రెండు అడగాలి. ఆడవాళ్లు రాసినవి ఏవైనా? అలాగే హెచ్ఎం గారు దీన్ని ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు కింద చూపించి మార్కులు వేయమంటున్నారు. ఎలా వేయను, ఎవరికి ఎక్కువ జాలేసిందని చూసి వేయాలా?

తెనాలి అమ్మాయి:

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి'. 2012లో వచ్చింది, అప్పటికి ఆవిడకు తొంభై దాటాయి. పామర్రులో పుట్టారు, అంటే మీకు దగ్గర ఊరే. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు, భర్త పోయాడు, తను వితంతువునని కూడా ఆ పిల్లకు తెలీదు. తర్వాత మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, ఆ రెండో భర్త వదిలేయడం, ముప్పై దాటాక మళ్లీ మెట్రిక్ చదివి కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేయడం. తొమ్మిదో తరగతికి మొత్తం వద్దు, చిన్నతనం భాగం చాలు. మీ ఆడపిల్లలు తప్పకుండా మాట్లాడతారు. ఏలూరు రోడ్డు షాపుల్లో అడగండి, లేకపోతే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వాళ్ల దగ్గర. జనవరి దాకా ఆగగలిగితే బుక్ ఫెస్టివల్‌లో డిస్కౌంట్ ఉంటుంది.

బెంజ్ సర్కిల్ నాన్న:

బుడమేరు ముక్క చదివాక నా డౌటు కొంచెం తగ్గింది. మావాడికి ఆదివారం ఆ నీళ్ల రాత్రి గురించి అడుగుతాను, మాది నాలుగో అంతస్తు.

అరండల్‌పేట మాస్టారు:

మార్కుల సంగతి. జాలికి మార్కులు వేయకండమ్మా, వేశారంటే వచ్చే శనివారం నుంచి కళ్లొత్తుకోవడం ప్రాక్టీసు చేసుకొస్తారు. నేనైతే పేజీ జిరాక్స్ ఇచ్చి, స్టేషన్ మాస్టర్ మారిన చోట ఆ వాక్యం కింద గీత గీయమనేవాణ్ణి, గీసినందుకు సగం మార్కులు. అతను అలా ఎందుకు చేశాడో పేజీలోంచే ఒక కారణం చూపిస్తే మిగతా సగం. "అందరూ సమానం" అని రాస్తే సున్నా, అది ముందే చెప్పి పెట్టండి. హెచ్ఎం గారికి రిజిస్టర్లో రాసుకోవడానికి అంకెలు దొరుకుతాయి. జిరాక్స్ ఖర్చు స్కూలు గ్రాంట్‌లో పెట్టమనండి, మీ జేబులోంచి తీయకండి.